కేస్ స్టడీ: గోరింగ్‌లో ఇల్లు, మియాపూర్‌లో ఫ్లాట్

2025 ఫిబ్రవరి చివర్లో ఆ భార్యాభర్తలు నా దగ్గరకు వచ్చేసరికి వాళ్ల ఫోన్ల నిండా సముద్రానికి ఎదురుగా ఉన్న ఫ్లాట్ ఫొటోలే. ఆమె ఆసుపత్రిలో నర్సు. ఆయనది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. వారానికి రెండు రోజులు లండన్ వెళ్లాలి, మిగతా రోజులు ఇంటి నుంచే పని. ఆరేళ్ల పాప ఉంది. అద్దె కట్టీ కట్టీ విసిగిపోయి, ఇక సొంతంగా ఇల్లు కొనుక్కుందామని నిర్ణయించుకున్నారు.

నేను ఫ్లాట్ గురించి ఏమీ అడగలేదు. "మీ ఇద్దరిలో ఎవరి పేరు మీదైనా, ప్రపంచంలో ఎక్కడైనా సరే, ఇల్లు ఉందా?" అన్నాను.

"మియాపూర్‌లో నాకో టూ బీహెచ్‌కే ఉందండీ. అది ఇండియాలోది కదా, ఇక్కడి లెక్కలోకి రాదుగా?" అన్నారాయన.

వస్తుంది. ఎనిమిది నెలలు నడిచిన ఈ కేసంతా ఆ ఫ్లాట్ చుట్టూనే తిరిగింది. ఇంగ్లండ్‌లో ఇల్లు కొనే తెలుగువాళ్ల పని చూస్తున్నప్పుడు నాకు పదేపదే ఎదురయ్యే చిక్కు ఇదే. ఇక్కడి ఇంటి గోడలు, పైకప్పు, సముద్రం ఎంత దూరం అన్నీ చూస్తారు. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో బీరువాలో ఉన్న దస్తావేజు మాత్రం ఎవరికీ గుర్తుకు రాదు. వాళ్ల అనుమతితోనే ఇది రాస్తున్నాను. గుర్తుపట్టే వివరాలు కొన్ని మార్చాను, లెక్కల తీరు మాత్రం ఉన్నదున్నట్టే ఉంచాను.

నేను ప్రాపర్టీ సాలిసిటర్‌ని, అంటే ఇళ్ల క్రయవిక్రయాలు చూసే లాయర్‌ని. ఇక్కడ ఇల్లు కొనడమంటే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకు వెళ్లి వేలిముద్ర వేసి రావడం కాదు. కొనేవాళ్లకో సాలిసిటర్, అమ్మేవాళ్లకో సాలిసిటర్ ఉంటారు. టైటిల్ పరిశీలన, సెర్చ్‌లు (ఇంటి గురించి ప్రభుత్వ రికార్డుల తనిఖీ), కాంట్రాక్టు, డబ్బు పంపిణీ, పన్ను, రిజిస్ట్రేషన్ అన్నీ మా చేతుల మీదుగానే జరుగుతాయి. కొనేవాళ్లు చాలాసార్లు మమ్మల్ని ముఖాముఖి చూడకుండానే ఇంటివాళ్లైపోతారు.

ఊరు ఎలాంటిది

గోరింగ్-బై-సీ అనేది దక్షిణ తీరంలో, వెస్ట్ ససెక్స్‌లో, వర్దింగ్ పట్టణానికి పడమటి శివారు. బ్రైటన్‌లాంటి సందడి ఇక్కడ ఉండదు. 1930ల నాటి ఇళ్లు, ముందు చిన్న తోట, వెనక పెద్ద తోట, సాయంత్రం కుక్కలతో నడిచే పెద్దవాళ్లు. సముద్రానికీ ఇళ్లకీ మధ్య వెడల్పైన పచ్చిక మైదానం ఉంది, గ్రీన్‌స్వార్డ్ అంటారు. బీచ్ అంతా గులకరాళ్లే. ఆటు వచ్చి నీళ్లు వెనక్కి తగ్గితేనే ఇసుక బయటపడుతుంది. గులకరాళ్లు కొట్టుకుపోకుండా నీళ్లలోకి చెక్క అడ్డుకట్టలు వేసి ఉంటాయి. ఆకాశం తేటగా ఉన్న రోజున రాంపియన్ గాలిమరలు కనిపిస్తాయి. మొత్తం 116 ఉన్నాయి, 2018 నుంచి కరెంటు ఇస్తున్నాయి. ఉత్తరం వైపు హైడౌన్ కొండ, దాని ఒడిలో సుద్దరాయి గనిలో 1909 నుంచి పెంచుకుంటూ వచ్చిన హైడౌన్ గార్డెన్స్ ఉన్నాయి. లోపలికి టికెట్ లేదు. ఇంగ్లిష్ మార్టర్స్ చర్చి పైకప్పు మీద సిస్టీన్ చాపెల్ చిత్రాలను గారీ బెవన్స్ ఏళ్ల తరబడి చేత్తో గీసి 1993లో పూర్తి చేశారు. ఊరికి చుట్టాలు వస్తే తీసుకెళ్లి చూపించేది దాన్నే.

కొనే ముందు నేను వాళ్లకు చెప్పినవి వేరు. లండన్ విక్టోరియాకు రైలు గంటన్నర పడుతుంది, వారానికి రెండు రోజులైతే ఫర్వాలేదు, ఐదు రోజులైతే మనిషి మిగలడు. డిసెంబరులో నాలుగింటికల్లా చీకటి పడుతుంది. నైరుతి గాలి మొదలైతే గొడుగు నిలవదు. సీగల్స్ పొద్దున్నే నిద్రలేపుతాయి, ఇంటి పైకప్పు మీద గూడు పెడితే తీసేయడానికి చట్టం ఒప్పుకోదు. నీళ్లలో సున్నం ఎక్కువ, కెటిల్ అడుగున తెల్లగా పేరుకుంటుంది. ఇరుగుపొరుగు చాలామంది రిటైరైనవాళ్లు. పండగకు గుడికి వెళ్లాలంటే క్రాలీ దాకా కారు తీయాలి.

ఇవన్నీ విని ఆమె ఒకే మాట అన్నారు. "అక్కా, నైట్ డ్యూటీ దిగి వచ్చాక నాకు కావాల్సింది నిశ్శబ్దమే."

సముద్రం ఎదురు ఫ్లాట్ ఎందుకు వద్దన్నానంటే

వాళ్లు మోజుపడ్డ ఫ్లాట్ ధర 3,10,000 పౌండ్లు. కిటికీలోంచి చూస్తే నీళ్లే. కానీ అది లీజ్‌హోల్డ్. మన ఊళ్లో అపార్ట్‌మెంట్ కొంటే ఆ భూమిలో మనకింత వాటా అని గజాల లెక్కన రాసిస్తారు. ఇక్కడ అది లేదు. భూమీ భవనమూ ఫ్రీహోల్డర్ అనే అసలు యజమానివి, మనం కొనేది కొన్నేళ్లపాటు అందులో ఉండే హక్కు మాత్రమే. ఆ ఫ్లాట్‌కు మిగిలింది 71 ఏళ్లు. 80 ఏళ్ల కన్నా తగ్గితే లీజు పొడిగించుకోవడానికి అయ్యే ఖర్చు ఒక్కసారిగా పెరుగుతుంది, ఎందుకంటే పొడిగింపు వల్ల పెరిగే విలువలో సగం ఫ్రీహోల్డర్‌కు ఇవ్వాల్సి వస్తుంది. 2024లో వచ్చిన చట్టం ఈ వాటాను తీసేస్తానంది కానీ ఆ సెక్షన్ అప్పటికి అమల్లోకి రాలేదు. పొడిగింపు అడగడానికి రెండేళ్లు ఆగాలన్న నిబంధన మాత్రం 2025 జనవరి 31న పోయింది.

లీజు ఒక ఎత్తు, బాల్కనీలు ఒక ఎత్తు. ఉప్పుగాలికి కాంక్రీటు లోపలి ఇనుము తుప్పు పట్టి ఉబ్బుతుంది, పైనున్న సిమెంటు పెచ్చులూడుతుంది. ఆ భవనానికి పెద్ద మరమ్మతులు చేయిస్తామని ఫ్లాట్ యజమానులందరికీ నోటీసు వెళ్లి ఉంది. ఖర్చు ఎంతో ఇంకా తేలలేదు. తేలని బిల్లుతో ఇల్లు కొనవద్దని చెప్పాను. ఆయనకు బాధ కలిగింది. రెండు వారాల తర్వాత ఆయనే ఫోన్ చేసి, సముద్రానికి ఏడు వందల మీటర్ల లోపల ఒక బంగ్లో చూశామన్నారు.

బంగళా అనగానే మనకు జమీందారు మేడ గుర్తొస్తుంది. ఇక్కడ బంగ్లో అంటే మేడ మెట్లు లేని ఒంటి అంతస్తు ఇల్లు, అంతే. మోకాళ్ల నొప్పుల అత్తమామలు వచ్చి ఆరు నెలలు ఉండాలంటే ఇంతకన్నా మంచి కట్టడం లేదు. ఫ్రీహోల్డ్, అంటే భూమితో సహా మనదే. మూడు బెడ్‌రూమ్‌లు. ఇంట్లో ఉన్న పెద్దావిడ చనిపోతే వారసుల తరఫున వీలునామా అమలుదారులు అమ్ముతున్నారు. ఏప్రిల్‌లో 4,30,000కు మాట కుదిరింది.

పన్ను లెక్క

2025 ఏప్రిల్ 1 నుంచి ఇంగ్లండ్‌లో స్టాంప్ డ్యూటీ శ్లాబులు మారాయి. మొదటి 1,25,000 మీద ఏమీ లేదు, అక్కడి నుంచి 2,50,000 దాకా 2 శాతం, ఆపైన 9,25,000 దాకా 5 శాతం. ఆ లెక్కన ఈ ఇంటికి 11,500 పౌండ్లు అవుతుంది. మొదటిసారి కొనేవాళ్లకు రాయితీ ఉంది. 5 లక్షల పౌండ్ల లోపు ఇంటికి, మొదటి 3 లక్షల మీద పన్ను లేదు. అలా అయితే 6,500 చాలు. వాళ్లు బడ్జెట్‌లో రాసుకున్నది ఈ 6,500.

కానీ మొదటిసారి అంటే ఇంగ్లండ్‌లో మొదటిసారి అని కాదు, ప్రపంచంలో ఎక్కడా ఇంతకుముందు ఇల్లు సొంతం కాలేదని. మియాపూర్ ఫ్లాట్ కొన్న 2014లోనే ఆ రాయితీ పోయింది. అంతకన్నా పెద్ద దెబ్బ ఇంకోటి. కొత్త ఇల్లు చేతికొచ్చిన రోజు ముగిసేసరికి 40 వేల పౌండ్లు లేదా ఆపైన విలువైన మరో ఇల్లు ఎక్కడున్నా, రెండో ఇల్లుగా లెక్కగట్టి ధర మొత్తం మీద అదనంగా 5 శాతం వేస్తారు. మియాపూర్ ఫ్లాట్ విలువ సుమారు 70 వేల పౌండ్లు. అంటే 11,500కు 21,500 కలిసి 33,000.

6,500 అనుకున్నది 33,000 అయ్యేసరికి ఆయన ముఖం పాలిపోయింది. ఆ తర్వాత వరసగా అడిగిన ప్రశ్నలు ఈ పరిస్థితిలో ఎవరైనా అడిగేవే.

"మా ఆవిడ ఒక్కదాని పేరు మీద కొంటే?" కుదరదు. కలిసి కాపురం చేస్తున్న భార్యాభర్తలను ఈ పన్నుకు ఒకే మనిషిలా చూస్తారు. ఎవరో ఒకరికి ఇల్లుంటే ఇద్దరికీ ఉన్నట్టే.

"ఇప్పుడు 33,000 కట్టేసి తర్వాత ఫ్లాట్ అమ్మి రిఫండ్ తెచ్చుకుంటే?" రిఫండ్ నిబంధన ఉంది కానీ అది పాత ఇంట్లో నిజంగా కాపురం ఉన్నవాళ్లకు. కొత్తది కొనే ముందు మూడేళ్లలో ఎప్పుడైనా ఆ ఇల్లు వాళ్ల ప్రధాన నివాసం అయి ఉండాలి. ఈయన 2019లోనే దేశం దాటారు, అప్పటి నుంచి ఫ్లాట్ అద్దెకే ఉంది. రాదు.

"నాన్న పేరుకు గిఫ్ట్ డీడ్ రాసేస్తే?" నిజమైన బదిలీ అయితే ఇది కుదురుతుంది. కానీ ఇక్కడ నివాసి అయిన మనిషి ఇల్లు దానం చేసినా, మార్కెట్ ధరకు అమ్మినట్టే లెక్కగట్టి లాభం మీద పన్ను అడుగుతారు. చేతికి రూపాయి రాకుండా పన్ను కట్టడం అవుతుంది. పైగా ఈ ఫ్లాట్ డబ్బు లేకపోతే వాళ్లకు డిపాజిట్టే లేదు.

మిగిలింది ఒక్కటే దారి. గోరింగ్ ఇల్లు చేతికి వచ్చే లోపల మియాపూర్ ఫ్లాట్ అమ్మడం. అగ్రిమెంట్ ఆఫ్ సేల్ రాసుకుంటే సరిపోదు, సేల్ డీడ్ రిజిస్టర్ కావాలి.

మియాపూర్: ఎనిమిది వారాలు అనుకుంటే ఐదు నెలలు

ఆయన సెలవు పెట్టి వెళ్లలేరు. వాళ్ల నాన్నగారికి స్పెషల్ పవర్ ఆఫ్ అటార్నీ ఇచ్చారు. లండన్‌లో భారత హైకమిషన్ దగ్గర సంతకం ధ్రువీకరించుకుని కొరియర్ చేశారు. విదేశంలో రాసిన పవర్ ఇండియా చేరాక మూడు నెలల లోపు అక్కడ స్టాంపు వేయించాలి. ఈ గడువు తెలియక రెండోసారి రాసుకున్నవాళ్లను చూశాను కాబట్టి, కొరియర్ అందిన రోజునే పెద్దాయనకు ఫోన్ చేశాను.

మే నెలలో ఒక కొనుగోలుదారు దొరికాడు. ధర 90 లక్షలు, అందులో 30 లక్షలు నోట్ల కట్టలు, దస్తావేజులో రాసేది 60. పెద్దాయన నాతో వాట్సాప్ కాల్‌లో మాట్లాడారు. "అమ్మా, మా దగ్గర అందరూ ఇలాగే చేస్తారు. అంతా బ్యాంకులో ఇచ్చేవాళ్లు 82 దాటడం లేదు, ఎనిమిది లక్షలు ఎందుకు పోగొట్టుకోవాలి?"

"బాబాయిగారూ, ఆ 30 లక్షలు మీ ఇంట్లోనే ఉండిపోతాయి. ఇక్కడికి ఒక్క పౌండు కూడా రాదు" అన్నాను. ఇక్కడ నేను చట్టప్రకారం ప్రతి పౌండూ ఎక్కడి నుంచి వచ్చిందో కాగితాల మీద చూడాలి. 2014 దస్తావేజు, అప్పు తీరిన లెటర్, ఇప్పటి సేల్ డీడ్, బ్యాంకు స్టేట్‌మెంట్, అక్కడి పన్ను కట్టిన రుజువు, విదేశానికి పంపే డబ్బుకు పన్ను కట్టారని సీఏ ఇచ్చే 15సీబీ సర్టిఫికెట్, వీటిలో అంకెలన్నీ ఒకదానికొకటి కలవాలి. కలవకపోతే ఫైలు ఆపాల్సింది నేనే. అక్కడా అది నేరమే, ఇక్కడికి తెస్తే మనీలాండరింగ్. పెద్దాయన రెండు రోజులు ఆలోచించి, ఆ బేరం వదులుకున్నారు. 82 లక్షలు, మొత్తం బ్యాంకులోనే ఇస్తానన్న ఇంకో కుటుంబానికి మాట ఇచ్చారు. ఈ కేసులో నేను మనసారా గౌరవించే నిర్ణయం అది.

అంతలో జూన్ 26న ఆషాఢం వచ్చింది. కొనేవాళ్లు ఆషాఢంలో రిజిస్ట్రేషన్ వద్దన్నారు. ఇక్కడ అమలుదారుల సాలిసిటర్‌కు నేను దీన్ని ఎలా చెప్పాలి? ఉన్నదున్నట్టు రాశాను. కొనుగోలుదారుల సంప్రదాయం ప్రకారం జూలై 24 దాకా ఆస్తి బదిలీ జరగదు, ఆ తర్వాత మొదటి మంచి రోజున జరుగుతుంది అని తేదీలతో రాశాను. వాళ్లు అర్థం చేసుకున్నారు. వీలునామా అమలుకు అనుమతిచ్చే ప్రొబేట్ ఉత్తర్వు వాళ్లకు జూన్‌లోనే వచ్చేసింది కాబట్టి ఆలస్యానికి కారణం మేమే అయ్యాం. ఇంగ్లండ్‌లో సంతకం చేసిన కాంట్రాక్టులు ఒకరికొకరు ఇచ్చిపుచ్చుకునే దాకా (దీన్నే కాంట్రాక్టులు మార్చుకోవడం అంటాం) ఎవరూ ఎవరికీ కట్టుబడి ఉండరు. రేపు ఇంకొకరు పది వేలు ఎక్కువ ఇస్తానంటే వారసులు అటు తిరగొచ్చు. ఆ నెలంతా ఆయనకు నిద్ర లేదు. ఆ టెన్షన్ తగ్గించే మందు నా దగ్గర ఒక్కటే ఉంది, ప్రతి శుక్రవారం రెండు వైపులా ఎక్కడిదాకా వచ్చామో ఒక పేజీ రాసి పంపడం.

ఆ ఆషాఢం ఒక రకంగా మంచే చేసింది. అమ్మేది ఎన్నారై అయితే కొనేవాళ్లు ధరలోంచి టీడీఎస్ కోయాలి. ధర మొత్తం మీద కోస్తే పది లక్షలకు పైనే పోతుంది. అసలు పన్ను లాభం మీద మాత్రమే కాబట్టి, ముందుగా ఆదాయపు పన్ను శాఖకు దరఖాస్తు పెట్టి తక్కువ కోత సర్టిఫికెట్ తెచ్చుకోవచ్చు. 2014లో 38 లక్షలకు కొన్నది 82కు అమ్ముతున్నారు, లాభం 44 లక్షలు, దాని మీద పన్ను సెస్సుతో కలిపి 5 లక్షల 72 వేలు. సర్టిఫికెట్ రావడానికి పట్టిన వారాలు ఆషాఢంలో కలిసిపోయాయి. రిజిస్ట్రేషన్ ఆగస్టు మధ్యలో, శ్రావణంలో జరిగింది. డబ్బు ఎన్‌ఆర్‌ఓ ఖాతాలో (ఇండియా రాబడి కోసం ఎన్నారైలకు ఉండే ఖాతా) పడి, విదేశానికి పంపడానికి కావాల్సిన 15సీఏ, 15సీబీ ఫారాలు పూర్తయి, సెప్టెంబరు మూడో వారానికి ఇక్కడి ఖాతాకు చేరింది. సుమారు 64 వేల పౌండ్లు. ఇదే లాభాన్ని ఇక్కడి పన్ను రిటర్న్‌లో కూడా చూపించి, అక్కడ కట్టింది తగ్గించుకోవాలి. అది అకౌంటెంట్ పని, వాళ్లకు గుర్తుచేసి వదిలేశాను.

ఇంటి సంగతి

ఈ లోపల ఇంటి పరీక్షలు సాగాయి. బ్యాంకు వాళ్ల వాల్యుయేషన్‌ను సర్వే అనుకుంటారు చాలామంది. అది బ్యాంకు తన అప్పు కోసం చూసుకునేది. తొంభై ఏళ్ల ఇంటికి లెవెల్ 3 సర్వే, అంటే అన్నిటికన్నా వివరంగా చూసేది, చేయించమన్నాను, చేయించారు.

సర్వేయర్ పట్టుకున్న పెద్ద లోపం పడమటి గోడలో ఉంది. ఇక్కడి ఇళ్లకు రెండు వరుసల ఇటుక గోడలుంటాయి, మధ్య రెండంగుళాల ఖాళీ, ఆ రెంటినీ పట్టి ఉంచేవి ఇనుప బంధాలు. సముద్రపు గాలికి అవి తుప్పు పట్టి లావెక్కి, ఇటుకల మధ్య సున్నాన్ని పైకి తోస్తాయి. బయటి నుంచి చూస్తే సమాన దూరంలో అడ్డంగా పగుళ్లు కనిపిస్తాయి. నిలువు పగులు చూసి అందరూ భయపడతారు. తీరంలో నేను అడ్డ పగులుకే ఎక్కువ భయపడతాను. గోడకు చిన్న రంధ్రం చేసి కెమెరాతో చూస్తే అనుమానం నిజమైంది. ఆ గోడకు కొత్త స్టెయిన్‌లెస్ బంధాలు వేయడానికి కోట్ 4,200 పౌండ్లు. గ్యారేజీ పైకప్పు రేకులు ఆస్బెస్టాస్ కలిసినవి. బ్రిటన్‌లో ఆస్బెస్టాస్‌ను పూర్తిగా నిషేధించింది 1999లో, అంతకుముందు కట్టినవాటిలో ఇది మామూలే. కదపకుండా ఉంటే ప్రమాదం లేదు, తీయాలంటే తెలిసినవాళ్లే తీయాలి. ఈ రెండూ చూపి ధర తగ్గించమని అడిగాం. అమలుదారులు గోడ ఖర్చులో సగం ఇస్తామన్నారు. కానీ ఆషాఢం ముగిసేదాకా మన కోసం ఆగుతున్నది వాళ్లే కాబట్టి, నా సలహా మీద వీళ్లు ఆ సగాన్ని వదులుకుని 4,30,000కే నిలబడ్డారు. 2,100 కోసం ఇల్లు జారిపోతే ఆ బాధ పెద్దది.

చనిపోయినవారి ఇల్లు కొనేటప్పుడు ఇంకో ఇబ్బంది ఉంది. అమ్మేవాళ్లు నింపే సమాచార ఫారంలో వరద వచ్చిందా, పొరుగువాళ్లతో గొడవలున్నాయా, ఇంటికి ఏం మార్పులు చేశారు అన్న ప్రశ్నలుంటాయి. ఆ ఇంట్లో ఉన్న మనిషి లేరు, అమలుదారులు అన్నిటికీ తెలియదనే రాశారు. అందుకే నేను వాళ్లిద్దరినీ వీధిలోకి పంపాను. ఎదురింటి తాతగారి తలుపు కొట్టి అడగండి అన్నాను. ఆయన టీ ఇచ్చి, గట్టి వాన పడితే వీధి మూల మీద నీళ్లు నిలుస్తాయని, ఏ ఇంట్లోకీ రాలేదని చెప్పారు. ప్రభుత్వ వరద మ్యాపు చెప్పిందీ అదే. సముద్రం వల్ల ముప్పు తక్కువ, వాన నీటి వల్ల మధ్యస్థం. ఎన్విరాన్‌మెంట్ ఏజెన్సీ 2025 జనవరిలో ఈ మ్యాపులను కొత్త లెక్కలతో మార్చింది. అంతకుముందు చూసుకున్నవాళ్లు మళ్లీ చూసుకోవాలి.

తీరంలో ఇల్లంటే అందరూ వరద గురించే అడుగుతారు, కోత గురించి అడగరు. వరదకు బీమా దొరుకుతుంది. 2009కి ముందు కట్టిన ఇళ్లకు ప్రీమియం అదుపులో ఉంచే ఫ్లడ్ రీ అనే పథకం 2016 నుంచి ఉంది, 2039 దాకా ఉంటుంది. సముద్రం భూమిని తినేస్తే మామూలు ఇంటి బీమా ఇవ్వదు, ప్రభుత్వమూ ఇంటి విలువ కట్టివ్వదు. నార్‌ఫక్ తీరంలోని హెమ్స్‌బీలో 2023లో ఇసుక కొండ అంచుకు వచ్చిన ఇళ్లను కూల్చేయాల్సి వచ్చింది. అందుకని తీరం వెంబడి ప్రతి ముక్కకూ ఒక ప్లాన్ ఉంటుంది, అక్కడ ఉన్న గట్టును కాపాడతారా, వెనక్కి తగ్గుతారా, అసలు పట్టించుకోరా అని అందులో రాసి ఉంటుంది. ఏ తీరంలో కొన్నా ఆ పేజీ చదవమంటాను. వీళ్లకు ఏడు వందల మీటర్ల దూరం ఉంది కాబట్టి ఆ విషయం త్వరగా తేలిపోయింది. బీమా కోట్ మాత్రం కాంట్రాక్టుకు ముందే తెప్పించాను, ఎందుకంటే కాంట్రాక్టులు మార్చుకున్న క్షణం నుంచి ఇల్లు కాలినా మునిగినా నష్టం కొనేవాళ్లదే.

టైటిల్‌లో 1934 నాటి షరతు ఒకటుంది. ఈ స్థలంలో ఒకే కుటుంబం ఉండాలి, వ్యాపారం చేయకూడదు, మొదట భూమి అమ్మిన కంపెనీ అనుమతి లేకుండా ఇంటి రూపు మార్చకూడదు. ఆయనకు అటక మీద ఆఫీసు గది కట్టాలని ఉంది. ఆ షరతు మీద ఎవరినైనా కదిలిస్తే, తర్వాత షరతు తప్పారని ఎవరైనా అడిగితే కాపాడే బీమా దొరకదు. అందుకని గోడ పని దాకా ఆగమని, అటక విషయం ఎవరితోనూ ఉత్తరాల్లో ఎత్తవద్దని గట్టిగా చెప్పాను.

తెనాలి

సెప్టెంబరు 22న, కాంట్రాక్టుకు నాలుగు రోజుల ముందు, ఆమె మాటల్లో మాటగా అన్నారు. "ఈ దసరాకు తెనాలి ఇంటికి రంగులు వేయిస్తోందక్కా అమ్మ. తమ్ముడూ నేనూ చెరి కాస్త పంపాం."

నా గుండె జారింది. "ఆ ఇల్లు ఎవరి పేరు మీద ఉంది?"

"నాన్న పేరు మీదే. 2020లో పోయారు కదా. ఇంకా ఏమీ మార్చలేదు."

ఫిబ్రవరిలో ఇల్లుందా అని అడిగినప్పుడు ఆమె లేదన్నారు. అబద్ధం చెప్పలేదు, ఆమె మనసులో అది అమ్మ ఇల్లు. కానీ వీలునామా లేకుండా పోయిన హిందువు ఆస్తి భార్యకూ పిల్లలకూ సమానంగా చెందుతుంది, ఆడపిల్లతో సహా. పాత దస్తావేజు నాన్న పేరు మీదే ఉన్నా మూడో వంతు ఈమెదే. తప్పు నాది. నేను అడిగిన ప్రశ్నే సరైనది కాదు.

ఆ రాత్రి కూర్చుని లెక్క వేశాం. ఇంటి విలువ తెనాలిలో ఇద్దరితో అడిగించాం, 66 లక్షలకు మించదన్నారు. ఈమె వాటా 22 లక్షలు, అంటే 19 వేల పౌండ్ల లోపే. గీత 40 వేల దగ్గర ఉంది, అదనపు 5 శాతం పడదు. మొదటిసారి కొనేవాళ్ల రాయితీ ఈ ఒక్క వాటాతోనే పోయేది కానీ అది ఎటూ ముందే పోయింది. విలువ చెప్పినవాళ్ల ఉత్తరాలు తెప్పించి ఫైలులో పెట్టాను. ఇల్లు కాస్త పెద్దదై, తోబుట్టువు లేకపోయి ఉంటే, మియాపూర్ కోసం పడ్డ ఐదు నెలల శ్రమంతా వృథా అయ్యేది. ఇప్పుడు మా ఫారంలో తెలుగులోనే ఒక వాక్యం చేర్చాను: "మీ ఇద్దరి కుటుంబాల్లో ఇల్లు ఉండి కాలం చేసిన పెద్దవాళ్లు ఎవరైనా ఉన్నారా? పంపకాలు అయ్యాయా?"

తాళాలు

సెప్టెంబరు 26న కాంట్రాక్టులు మార్చుకున్నాం, 43,000 డిపాజిట్ కట్టారు. అంతకు రెండు వారాల ముందే అమలుదారులు మంచి మనసుతో, ఇల్లు ఖాళీగానే ఉంది కదా, తాళాలు తీసుకుని రంగులు వేసుకోండి అన్నారు. వద్దన్నాను. కాంట్రాక్టు అయ్యాక, కంప్లీషన్‌కు (మిగతా డబ్బు చేరి ఇల్లు చేతికొచ్చే రోజుకు) ముందే ఇంటిని స్వాధీనం చేసుకుంటే పన్నుకు ఆ రోజే కొన్నట్టు లెక్క పడుతుంది. ఈ కేసులో ఫ్లాట్ అమ్మకం పూర్తయింది కాబట్టి మునిగిపోయేదేమీ లేదు, కానీ ఫ్లాట్ అమ్ముడుకాకముందే కాంట్రాక్టు చేసుకుని ఇలా తాళాలు తీసుకుని ఉంటే 21,500 పోయేది. ఆ అలవాటు చేయనివ్వను.

కంప్లీషన్ రోజు శుక్రవారం పెట్టమని అందరూ అడుగుతారు, వారాంతంలో సామాను సర్దుకోవచ్చని. బ్యాంకులో ఏదైనా ఆగితే సోమవారం దాకా రోడ్డు మీద ఉండాలి. అక్టోబరు 8, బుధవారం పెట్టాం. అత్తగారు ముహూర్తం అడిగారు. తెల్లవారుజామున ఐదింటికి ఇక్కడ తాళాలు రావు, డబ్బు చేరి అమ్మినవాళ్ల సాలిసిటర్ ఫోన్ చేసేసరికి మధ్యాహ్నం అవుతుందని చెప్పాను. తాళాలు తీసుకోవడం వేరు, గృహప్రవేశం వేరు అనుకున్నారు. ఆ రోజు 1.20కి తాళాలు వచ్చాయి. పద్నాలుగు రోజుల గడువులో నాలుగో రోజుకే స్టాంప్ డ్యూటీ రిటర్న్ వేశాను, 11,500. ఇద్దరి పేర్ల మీద సమానంగా ల్యాండ్ రిజిస్ట్రీకి దరఖాస్తు వెళ్లింది.

కార్తీకంలో ఒక ఆదివారం తెల్లవారుజామున గృహప్రవేశానికి నన్నూ పిలిచారు. పొయ్యి ఎలక్ట్రిక్ కావడంతో పాలు పొంగడానికి చాలాసేపు పట్టింది, పాప కుర్చీ ఎక్కి గిన్నెలోకి చూస్తూ నిలబడింది. మియాపూర్ తాతగారు వీడియో కాల్‌లో ఉన్నారు. బయట గాలి ఎక్కువగా ఉంది. ఎదురింటి పెద్దాయన ఉదయం తొమ్మిదింటికి ఒక కుండీలో లావెండర్ మొక్క తెచ్చి గుమ్మం దగ్గర పెట్టారు. పడమటి గోడ పనికి మనుషులు మార్చిలో వస్తారు.